క్రిములపై పనిచేసే ఎంజైమ్ డిటర్జెంట్లు: చెమట కంపుకు సరే, రోగి దుప్పట్లకు?

చల్లటి నీళ్లలో ఉతికినా బట్టల్లోని క్రిములను వదిలిస్తామని చెప్పే ఎంజైమ్ డిటర్జెంట్లు లిక్విడ్లుగా, పౌడర్లుగా, క్యాప్సూళ్లుగా, మామూలు డిటర్జెంటుకు తోడుగా పోసే సీసాలుగా వస్తున్నాయి. ముందే తీర్పు చెప్పేస్తాం. వ్యాయామం చేసేటప్పుడు వేసుకునే పాలిస్టర్ బట్టలకు, చొక్కా కాలర్లకు, దిండు గలీబులకు ఇవి మామూలు డిటర్జెంటు కంటే మెరుగు, డబ్బు పెట్టొచ్చు. వాంతులు, విరేచనాలు, తామర, చీము పట్టిన పుండ్లు ఉన్నవాళ్ల బట్టలకు మాత్రం వీటినొక్కటే నమ్ముకోకూడదు. అక్కడ వేడి కావాలి, లేదంటే ఆక్సిజన్ బ్లీచ్ కావాలి. ఈ తేడా ఎందుకొస్తుందో అర్థం కావాలంటే సీసాలో ఏ ఎంజైము ఉందో, అది క్రిమిని ఎక్కడ పట్టుకుంటుందో చూడాలి.

మరక తినేవి, క్రిమిని పట్టేవి

బట్టల ఉతుకుకు ఎంజైములు కొత్త కాదు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఒట్టో రోమ్ జంతువుల క్లోమం నుంచి తీసిన ఎంజైములతో బట్టలు శుభ్రం చేసే పద్ధతికి 1913లోనే పేటెంటు తీసుకున్నాడు. కానీ ఆ ఎంజైము సోడా ఘాటుకు తట్టుకోలేకపోయేది. 1960ల్లో బాసిల్లస్ బాక్టీరియా నుంచి తీసిన సబ్టిలిసిన్ అనే ప్రోటియేజ్ వచ్చాకే ఎంజైమ్ డిటర్జెంటు నిలదొక్కుకుంది. రక్తం, పాలు, గుడ్డు, చెమట లాంటి మాంసకృత్తుల మరకలను కోసేది ఇదే. గంజి మరకకు అమైలేజ్, నూనెకు లైపేజ్, నూలు మీద లేచిన నూగుకు సెల్యులేజ్ తోడయ్యాయి. ఇవేవీ క్రిమిని చంపడానికి పెట్టినవి కావు. క్రిమికి తిండిగా మారే మురికిని తీసేస్తాయి, అంతే. ఆ పని చిన్నదేమీ కాదు. కాలర్ మీద మిగిలిన చర్మపు పొట్టు, చెమట జిడ్డు పోతే తర్వాతి రెండు రోజుల్లో అక్కడ పెరగడానికి బాక్టీరియాకు ఏమీ దొరకదు.

క్రిముల మీదికే గురిపెట్టిన ఎంజైములు మూడు తోవల్లో పనిచేస్తాయి. మొదటిది బాక్టీరియా గోడను కోయడం. లైసోజైమ్, లైసోస్టాఫిన్ ఈ జాతివి. రెండోది నీళ్లలోనే క్రిమిసంహారక రసాయనాన్ని తయారుచేయడం. గ్లూకోజ్ ఆక్సిడేజ్, పెర్‌హైడ్రోలేజ్ అలాంటివి. మూడోది బాక్టీరియా బట్టకు అంటుకోవడానికి కట్టుకున్న జిగట పొరను, అంటే బయోఫిల్మును విప్పేయడం. డీఎన్‌ఏను కోసే న్యూక్లియేజ్, ఆ పొరలోని చక్కెర గొలుసులను కోసే డిస్పర్సిన్-బి ఈ కోవలోకి వస్తాయి. ప్రకటనలు ఎక్కువగా మొదటి తోవ గురించి మాట్లాడతాయి. ఉతుకు తొట్టిలో ఎక్కువ ఫలితం ఇచ్చేది మాత్రం మూడోది.

లైసోజైముకు ఎదురయ్యే చిక్కులు

అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1922లో లోకానికి వెల్లడించిన ఎంజైము లైసోజైమ్. కన్నీళ్లలో, ఉమ్ములో, కోడిగుడ్డు తెల్లసొనలో ఉంటుంది. గుడ్డు లైసోజైములో 129 అమైనో ఆమ్లాలు. బాక్టీరియా గోడలో రెండు రకాల చక్కెరలు ఒకటి విడిచి ఒకటి వరుసగా అల్లుకుని ఉంటాయి. ఆ రెండింటి మధ్య బంధాన్ని ఇది తెంపుతుంది. గోడ బలహీనపడగానే లోపలి ఒత్తిడికి కణం పగిలిపోతుంది. పరీక్ష నాళికలో ఇది చూడముచ్చటగా జరుగుతుంది. మసకగా ఉన్న బాక్టీరియా ద్రావణం నిమిషాల్లో తేటపడుతుంది.

డిటర్జెంటు నీళ్లలో అలా జరగదు. మొదటి చిక్కు విద్యుదావేశం. లైసోజైమ్ అణువు మీద ధనావేశం ఎక్కువ, దాదాపు పీహెచ్ 10 దాటేదాకా అలాగే ఉంటుంది. డిటర్జెంట్లలో నురగనిచ్చే ప్రధాన పదార్థం ఎల్‌ఏఎస్ రుణావేశం ఉన్నది. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి పట్టుకుని ముద్ద కడతాయి. ఎంజైము విప్పుకుపోతుంది, నురగ పదార్థమూ కొంత వృథా అవుతుంది. అందుకే మామూలు డిటర్జెంటులో గుడ్డు లైసోజైమును ఊరికే కలిపేస్తే రెండిందాలా నష్టం. రెండో చిక్కు పీహెచ్. తటస్థానికి దగ్గరగా ఉన్న నీళ్లలో హాయిగా పనిచేసే ఎంజైము, పీహెచ్ 10 చుట్టూ ఉండే పౌడరు నీళ్లలో మందగిస్తుంది. పీహెచ్ 8 దగ్గర నిలిచే లిక్విడ్ దీనికి నయం. మూడోది, సీసాలో పక్కనే ఉన్న ప్రోటియేజ్. లైసోజైమ్ కూడా మాంసకృత్తే కదా, వదిలేస్తే ప్రోటియేజ్ దాన్నీ నమిలేస్తుంది.

లేబుళ్ల మీద కనిపించే 'మార్పు చేసిన' ఎంజైము ఈ చిక్కులను దాటడానికే పుట్టింది. ఒక పద్ధతిలో అణువు ఉపరితలం మీద ధనావేశం ఉన్న అమైనో ఆమ్లాలను మార్చి ఎల్‌ఏఎస్‌కు దొరక్కుండా చేస్తారు. ఇంకో పద్ధతిలో లైసోజైముకు పామిటిక్ ఆమ్లం లాంటి కొవ్వు తోకను అతికిస్తారు. దాంతో అది కొవ్వు పొరల్లోకి చొచ్చుకుపోగలుగుతుంది. మూడో దారి, క్షారానికి అలవాటుపడ్డ శిలీంధ్రాల్లో ఇలాంటి పనే చేసే మురామిడేజులను వెతికి వాడుకోవడం. డిటర్జెంటు తొట్టిలో నిలకడ విషయంలో మాకు ఈ మూడో దారి మీదే గురి ఎక్కువ. పుట్టుకతోనే క్షారానికి తట్టుకునేదాన్ని తెచ్చుకోవడం, తట్టుకోలేనిదాన్ని బలవంతంగా మార్చడం కంటే తేలిక.

ఎంజైమును కొద్దిగా మార్చితే ఎంత తేడా వస్తుందో చూడాలంటే సబ్టిలిసిన్ కథే మంచి ఉదాహరణ. దాని గొలుసులో 222వ స్థానంలో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. అందులోని గంధకం అణువుకు బ్లీచ్ తగిలితే ఆక్సిజన్ వచ్చి అతుక్కుంటుంది, ఎంజైము కుంటుపడుతుంది. 1980ల్లో ఆ ఒక్క మెథియోనిన్‌ను తీసి అలనిన్, సెరిన్ లాంటివి పెట్టారు. వేగం కొంత తగ్గింది, కానీ బ్లీచ్ ఉన్న పౌడరులో ఎంజైము బతికి బట్టకట్టింది. వందల అమైనో ఆమ్లాల్లో ఒక్కటి మార్చినందుకు దక్కిన ఫలితం అది.

ఏ కంపుకు ఏ క్రిమి

ఎవరి బట్టలకు ఇది పనికొస్తుందో తేలేది ఇక్కడే. బట్టల కంపులన్నీ ఒకటి కావు.

పాలిస్టర్ టీ-షర్టుల చంకల్లో వచ్చే ఘాటైన చెమట కంపు ఒక రకం. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో వ్యాయామం తర్వాత విప్పిన నూలు, పాలిస్టర్ టీ-షర్టులను పోల్చారు. పాలిస్టర్ మీద మైక్రోకాకస్ జాతి బాక్టీరియా బాగా పెరిగింది, కంపూ ఎక్కువే. ఈ మైక్రోకాకస్ లైసోజైముకు ఎంత సులువుగా లొంగుతుందంటే, ప్రయోగశాలల్లో లైసోజైమ్ బలాన్ని కొలవడానికి దాన్నే వాడతారు. క్రీడల బట్టల కోసం లైసోజైమ్ రకం డిటర్జెంటు కొనడంలో అర్థం ఉందని మేము చెప్పడానికి ఇదే కారణం.

తువ్వాళ్లు, సరిగా ఆరని బట్టల్లో వచ్చే ముక్కవాసన వేరు. జపాన్ కంపెనీ కావో పరిశోధకులు 2012లో దీని వెనక ఉన్నది మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనే బాక్టీరియా అని చూపించారు. ఇది 4-మిథైల్-3-హెక్సెనోయిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ముక్కుకు తడిగుడ్డ కంపుగా తగిలేది ఆ ఆమ్లమే. పైగా ఇది ఆరబెట్టినా, ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలినా ఓర్చుకునే రకం. గ్రామ్ నెగటివ్ అనే రకం బాక్టీరియా కావడంతో దాని గోడ చుట్టూ ఇంకో పొర ఉంటుంది, మామూలు లైసోజైమ్ ఆ పొర దాటి గోడదాకా పోలేదు. కాబట్టి చెమట కంపు పోయిందని సంతోషపడి అదే సీసాతో తువ్వాళ్లు ఉతికి, వాసన పోలేదేమని విసుక్కుంటే తప్పు వాడేవాళ్లది కాదు. తువ్వాళ్లకు న్యూక్లియేజ్ ఉన్న డిటర్జెంటో, ఆక్సిజన్ బ్లీచ్ ఉన్న పౌడరో కావాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పరీక్షల్లో తప్పకుండా కనిపించే స్టాఫిలోకాకస్ ఆరియస్, అంటే సెగ్గడ్డలకు కారణమయ్యే బాక్టీరియా, మామూలు లైసోజైముకు లొంగదు. దాని గోడలోని చక్కెర మీద ఎసిటైల్ గుంపు ఒకటి అడ్డుగా ఉంటుంది. లైసోజైమ్ కోయాల్సిన చోటికి అది చేరనివ్వదు. దీనికి సరైన మందు లైసోస్టాఫిన్. స్టాఫ్ గోడలో గ్లైసిన్లు అయిదేసి కలిసి వేసే వంతెనలను అది నేరుగా కోస్తుంది. అయితే లైసోస్టాఫిన్‌కు పనిచేయడానికి జింక్ అణువు కావాలి. గట్టి నీటిని మెత్తబరచడానికి డిటర్జెంటులో వేసే సిట్రేట్ లాంటి పదార్థాలు లోహాలను పట్టుకునే రకం. మోతాదు ఎక్కువైతే ఆ జింకునూ లాగేసుకుంటాయి. కలిపేవాళ్లకు ఇది కత్తిమీద సాము.

వైరస్‌లకు కణపు గోడే ఉండదు, కాబట్టి గోడ కోసే ఎంజైముకు అక్కడ పనిలేదు. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కు కొవ్వు పొర కూడా లేదు, డిటర్జెంటు నురగకూ తేలిగ్గా లొంగదు. తామర తెచ్చే శిలీంధ్రాల గోడలో కైటిన్, గ్లూకాన్ ఉంటాయి. వాటి మీద లైసోజైమ్ ప్రభావం అంతంతమాత్రమే.

బ్లీచును నీళ్లలోనే పుట్టించే ఎంజైములు

గ్లూకోజ్ ఆక్సిడేజ్ గ్లూకోజును, నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను తీసుకుని హైడ్రోజన్ పెరాక్సైడ్ చేస్తుంది. వినడానికి బాగుంది, లెక్క వేస్తే తేలిపోతుంది. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంటుంది. అదంతా వాడేసినా వచ్చేది లీటరుకు సుమారు 8.5 మిల్లీగ్రాముల పెరాక్సైడ్. డ్రమ్ము తిరుగుతూ గాలిని కలుపుతుంటే ఇంకొంత వస్తుంది. దీనికి బదులు లీటరుకు ఒక గ్రాము ఆక్సిజన్ బ్లీచ్, అంటే సోడియం పెర్‌కార్బొనేట్ వేస్తే సుమారు 300 మిల్లీగ్రాముల పెరాక్సైడ్ ఒక్కసారిగా దొరుకుతుంది. అదీగాక మురికిలోని రక్తం, బాక్టీరియాల్లో కెటలేజ్ అనే ఎంజైము ఉంటుంది. పుట్టిన కొద్దిపాటి పెరాక్సైడును అది పుట్టినచోటే నీళ్లుగా మార్చేస్తుంది. గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఒక్కదాని మీదే ఆధారపడ్డ డిటర్జెంటుకు మేము మార్కులు వేయలేం.

పెర్‌హైడ్రోలేజ్ ఇంతకంటే చాలా గట్టిది. మైకోబాక్టీరియం స్మెగ్మాటిస్ నుంచి తీసిన ఎంజైములో 54వ స్థానంలోని సెరిన్‌ను వాలిన్‌గా మార్చి తయారుచేసిన రూపం ఇందులో పేరుపొందింది. ప్రొపిలీన్ గ్లైకాల్ డైఎసిటేట్ లాంటి ఎస్టరును, పెరాక్సైడును కలిపి పెర్‌ఎసిటిక్ ఆమ్లం చేస్తుంది. చల్లటి నీళ్లలో, తటస్థ పీహెచ్‌లో కూడా చేయగలగడం దీని గొప్ప. పెర్‌ఎసిటిక్ ఆమ్లం బాక్టీరియా, వైరస్, శిలీంధ్రం తేడా లేకుండా అన్నిటినీ కాలుస్తుంది. చిక్కల్లా సీసాలోనే. ఎస్టరు, పెరాక్సైడు, ఎంజైము మూడూ ఒకచోట ఉంటే వాడకముందే చర్య మొదలై బలం పోతుంది. రెండు గదులుగా విడదీసిన క్యాప్సూల్ లేదా రెండు సీసాలు తప్పనిసరి. ఒకే సీసాలో అన్నీ కలిపేశామని చెప్పే లిక్విడ్‌లో ఈ పద్ధతి పనిచేస్తుందంటే నమ్మకండి.

జిగట విప్పే ఎంజైము

ఈ మొత్తం గుంపులో మాకు బాగా నచ్చింది న్యూక్లియేజ్. బాక్టీరియా బట్ట పోగులకు అతుక్కునేటప్పుడు చుట్టూ జిగట కట్టుకుంటుంది. చచ్చిన కణాల నుంచి బయటపడ్డ డీఎన్‌ఏ పొడవాటి దారాల్లా ఆ జిగటను కట్టి ఉంచుతుంది. మన చర్మపు పొట్టు నుంచి వచ్చే డీఎన్‌ఏ కూడా ఇందులో చేరుతుంది. ఉతికినకొద్దీ తెల్ల చొక్కా బూడిద రంగుకు తిరగడం, నల్ల టీ-షర్టు చంకల్లో గట్టిగా అట్టకట్టినట్టు అనిపించడం చాలాసార్లు ఈ జిగటకు మురికి పట్టుకోవడం వల్లే. న్యూక్లియేజ్ ఆ దారాలను తెంచేస్తే జిగట, దాంతోపాటు మురికి, బాక్టీరియా, వాసన పదార్థాలు అన్నీ నీళ్లలోకి వస్తాయి. గ్రామ్ పాజిటివ్, గ్రామ్ నెగటివ్ తేడా దీనికి లేదు.

ఒకటి గుర్తుంచుకోవాలి. ఇది బాక్టీరియాను చంపదు, విడదీస్తుంది. బతికున్న బాక్టీరియా నీళ్లలో తేలుతూ పక్క బట్ట మీద వాలగలదు. అందుకే న్యూక్లియేజ్ రకం డిటర్జెంటు వాడేటప్పుడు జాడింపు ఒకటి అదనంగా పెట్టాలి. మెషీన్లో 'ఎక్స్‌ట్రా రిన్స్' నొక్కాలి, చేత్తో అయితే మూడు బకెట్ల నీళ్లు మార్చాలి. ఈ ఒక్క జాగ్రత్తతో వచ్చే తేడా, ఖరీదైన సీసాకు మారితే వచ్చే తేడా కంటే ఎక్కువ.

పరీక్షించుకునే తీరు కూడా చెబుతాం. ఉతికి పూర్తిగా ఆరిన టీ-షర్టును వాసన చూస్తే ఏమీ తెలియదు, డిటర్జెంటు పరిమళం అన్నిటినీ కప్పేస్తుంది. చంక కుట్టు దగ్గర నాలుగు చుక్కలు గోరువెచ్చటి నీళ్లు వేసి, రెండు నిమిషాలు అరచేతుల మధ్య వెచ్చబరిచి వాసన చూడండి. లేదా తడిపిన చోట ఇస్త్రీపెట్టె ఆవిరి తగిలించండి. పోగుల్లో ఇంకిన కొవ్వు ఆమ్లాలు వేడికి పైకి లేస్తాయి. కంపు అప్పుడే బయటపడితే డిటర్జెంటు పని పూర్తిచేయలేదన్నమాట. పరిమళం లేని రకంతో ఈ పరీక్ష ఇంకా కచ్చితంగా తేలుతుంది.

లేబుల్ మీది 99.9

శాతం ఒక్కటే చూసి కొనకండి. ఒక బట్ట మీద 10 లక్షల బాక్టీరియా ఉన్నాయనుకుందాం. 99.9 శాతం పోతే 1,000 మిగులుతాయి, దీన్ని 3 లాగ్ తగ్గుదల అంటారు. 99.999 శాతం, అంటే 5 లాగ్ అయితే 10 మిగులుతాయి. మిగిలిన ఆ 1,000 వెచ్చగా, తడిగా ఉన్న బట్టలో అరగంటకోసారి రెట్టింపైతే అయిదు గంటల్లో మళ్లీ 10 లక్షలు దాటుతాయి. ఉతికిన బట్టలను మెషీన్లోనే వదిలేసి పడుకుంటే డిటర్జెంటు చేసిన పనంతా తెల్లారేసరికి సున్నా. ఏ ఎంజైమూ దీన్ని ఆపలేదు, జాడింపులో అది బట్టను వదిలి వెళ్లిపోయి ఉంటుంది.

అమెరికాలో బట్టల శానిటైజర్‌గా చెప్పుకోవాలంటే పర్యావరణ సంస్థ ఈపీఏ దగ్గర నమోదు ఉండాలి, బట్ట మీదా ఉతుకు నీళ్లలోనూ 99.9 శాతం తగ్గుదల చూపాలి. నీళ్లను కూడా కొలవడం మంచి ఆలోచన, ఒక బట్టనుంచి ఇంకోదానికి పాకడం అక్కడే తెలుస్తుంది. ఏఎస్‌టీఎం ఈ2274 ఇందుకు వాడే పరీక్షా పద్ధతి. యూరప్‌లో బట్టల క్రిమిసంహారానికి ఈఎన్ 16616 ప్రమాణం ఉంది, అది చాలా కఠినం. క్రిములను చంపుతుందని చెప్పే ఉత్పత్తి అక్కడ బయోసైడ్ల నియంత్రణ 528/2012 కిందకు వస్తుంది. అందుకే చాలా ఎంజైమ్ డిటర్జెంట్లు 'తాజాదనం', 'లోతైన శుభ్రత' అని రాసుకుని ఊరుకుంటాయి, చంపుతాం అనవు. ఆ మాట లేని డిటర్జెంటు నాసిరకం అనుకోనక్కర్లేదు.

లేబుల్ మీద శాతంతో పాటు మూడు వివరాలు వెతకండి: ఎన్ని డిగ్రీల్లో, ఎన్ని నిమిషాల్లో, ఏ క్రిమి మీద. మూడూ లేకపోతే ఆ శాతానికి విలువ లేదు. 'ఎంజైములు' అని మాత్రమే రాసి ఉంటే కంపెనీ వెబ్‌సైటులో పూర్తి పదార్థాల జాబితా చూడండి. యూరప్ డిటర్జెంట్ల నియంత్రణ 648/2004 ప్రకారం అక్కడ అమ్మే ఉత్పత్తికి అలాంటి జాబితా ఉంటుంది. సబ్టిలిసిన్, అమైలేజ్ మాత్రమే కనిపిస్తే అది మామూలు ఎంజైమ్ డిటర్జెంటే, సీసా మీద డాలు బొమ్మ ఎంత పెద్దదున్నా సరే.

వాడేటప్పుడు ఎక్కడ చెడుతుంది

వేడి నీళ్లు ముందే పోయడం అందరూ చేసే పొరపాటు. 60 డిగ్రీలు దాటిన నీళ్లలో డిటర్జెంటు వేస్తే ఎంజైము పని మొదలుపెట్టకముందే చెడిపోతుంది. 35 నుంచి 40 డిగ్రీల నీళ్లలో మొదలుపెట్టి నెమ్మదిగా వేడి పెంచాలి. చల్లటి నీళ్లయితే ఓపిక కావాలి. పది డిగ్రీలు తగ్గినకొద్దీ ఎంజైము వేగం దాదాపు సగానికి పడిపోతుంది. 40 డిగ్రీల్లో అరగంటలో అయ్యే పని 20 డిగ్రీల్లో రెండు గంటలు తీసుకుంటుందని లెక్క వేసుకోండి. 15 నిమిషాల 'క్విక్ వాష్' పెట్టి క్రిముల ఎంజైము పనిచేయలేదనడం అన్యాయం. అలాగని రాత్రంతా నానబెట్టడమూ తప్పే. నాలుగైదు గంటలు దాటితే మురికి కరిగిన ఆ గోరువెచ్చటి నీళ్లే బాక్టీరియాకు మంచి తిండి. రెండు గంటలకు మించి నానబెట్టకండి.

క్లోరిన్ బ్లీచును ఎంజైమ్ డిటర్జెంటుతో కలిపి వేస్తే ఎంజైము నిమిషాల్లో పోతుంది. క్లోరిన్ కావాలనుకుంటే ఉతుకు అయ్యాక, విడిగా, తెల్ల నూలు బట్టలకు మాత్రమే. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ కూడా వ్యాయామం బట్టలకు వద్దు. అది పోగుల మీద కొవ్వు పూత వేస్తుంది, తర్వాతి ఉతుకులో ఎంజైము ఆ పూతను దాటి జిగటను చేరుకోవాలి.

డ్రమ్ము కిక్కిరిసిపోతే ఏ డిటర్జెంటూ పనిచేయదు. బట్టలు వేశాక పైన జానెడు ఖాళీ ఉండాలి. మోతాదు తగ్గించి పొదుపు చేద్దామనుకోవద్దు. ఉతుకు నీళ్లలో ఎంజైము లీటరుకు ఒక మిల్లీగ్రాము చుట్టుపక్కలే ఉంటుంది, సగం మూత పోస్తే ఆ కాస్తా సగమవుతుంది. నీళ్లు గట్టివైతే లేబుల్‌లో గట్టి నీటికి చెప్పిన కొలతే పోయాలి. ఉన్ని, పట్టు బట్టలకు ప్రోటియేజ్ ఉన్న డిటర్జెంటు అసలే వద్దు. అవి కూడా మాంసకృత్తులే, ఎంజైము మరకతో పాటు పోగునూ కొరుకుతుంది.

బట్టలు ఎంత ఉతికినా కంపు తిరిగొస్తుంటే అనుమానించాల్సింది మెషీన్నే. ఫ్రంట్ లోడ్ మెషీన్ తలుపు చుట్టూ ఉన్న రబ్బరు గాస్కెట్ మడతను వేలితో తిప్పి చూడండి. నల్లటి జిగట చేతికి అంటితే ప్రతి ఉతుకులోనూ ఆ జిగట బట్టలకు చేరుతోందన్నమాట. ఎప్పుడూ చల్లటి నీళ్లు, ఎప్పుడూ లిక్విడ్ వాడేవాళ్ల మెషీన్లలో ఇది తొందరగా పేరుకుంటుంది, ఎందుకంటే లిక్విడ్లలో మామూలుగా బ్లీచ్ ఉండదు. నెలకోసారి ఖాళీ డ్రమ్ముతో, ఆక్సిజన్ బ్లీచ్ ఉన్న పౌడరు వేసి, 60 డిగ్రీలు లేదా అంతకంటే వేడిలో తిప్పండి. డిటర్జెంటు పోసే అరను బయటికి లాగి కడగండి. తలుపు తీసి ఉంచండి.

రోగి బట్టలకు ఏం వాడాలి

ఇక్కడ మొహమాటం లేకుండా చెబుతాం. బ్రిటన్ ఆస్పత్రుల లాండ్రీ మార్గదర్శకం హెచ్‌టీఎం 01-04 ప్రకారం బట్టల వేడి 65 డిగ్రీల్లో కనీసం 10 నిమిషాలు, లేదా 71 డిగ్రీల్లో కనీసం 3 నిమిషాలు నిలవాలి. నీళ్లు బట్టలంతటా సమంగా వేడెక్కడానికి పట్టే సమయం దీనికి అదనం. ఇంట్లో 60 డిగ్రీల పూర్తి నిడివి ప్రోగ్రాము, అందులో పెర్‌కార్బొనేట్, టీఏఈడీ ఉన్న పౌడరు దీనికి దగ్గరగా వస్తాయి. టీఏఈడీ పెరాక్సైడుతో కలిసి పెర్‌ఎసిటిక్ ఆమ్లం ఇస్తుంది. ఇలాంటి పౌడర్లలో ప్రోటియేజ్ కూడా ఉంటుంది కాబట్టి ఎంజైము లాభమూ దక్కుతుంది.

వేడికి తట్టుకోని బట్టలకు జాడింపులో పోసే క్వాటర్నరీ అమ్మోనియం రకం శానిటైజర్లు ఉన్నాయి. వాటిని డిటర్జెంటుతో కలిపి పోయకూడదు, ధనావేశం ఉన్న ఆ అణువులు ఎల్‌ఏఎస్‌తో ముడిపడి నిర్వీర్యమవుతాయి. సాఫ్ట్‌నర్ గదిలో పోసి, లేబుల్ చెప్పినంత సేపు, చాలావాటికి 15 నిమిషాలు, బట్టలు ఆ నీళ్లలో ఉండేలా చూడాలి. నోరోవైరస్‌కు ఇవీ నమ్మదగ్గవి కావు. మలం, వాంతి అంటిన బట్టలను దులపకుండా, చేతి తొడుగులతో తీసి, గట్టి పదార్థాన్ని తొలగించి, విడిగా వేడి ఉతుకులో వేయడమే దారి.

ఏ రకం ఎవరికి

లిక్విడ్ అయితే న్యూక్లియేజ్ ఉన్నది ఎంచుకోండి. రోజువారీ రంగు బట్టలకు, పాలిస్టర్‌కు మా మొదటి ఎంపిక ఇదే. మంచి లిక్విడ్లలో ప్రోటియేజ్ మిగతా ఎంజైములను తినకుండా బోరేట్ లేదా ఫినైల్‌బోరోనిక్ ఆమ్లం రకం నిరోధకం వేస్తారు. సీసాలో చిక్కగా ఉన్నంతసేపూ అది ప్రోటియేజ్ నోరు కట్టేస్తుంది, ఉతుకు నీళ్లలో పలచబడగానే వదిలేస్తుంది. చవక లిక్విడ్లు దెబ్బతినేది ఇక్కడే, కొన్నప్పుడు ఉన్న బలం కొన్ని నెలలకు ఉండదు. పౌడరులో ఎంజైము గుళికల పూత లోపల ఉంటుంది కాబట్టి ఎక్కువకాలం నిలుస్తుంది, బ్లీచూ ఉంటుంది. తెల్లబట్టలకు, తువ్వాళ్లకు, లోదుస్తులకు పౌడరే. లైసోజైమ్ రకం తోడు సీసా క్రీడల బట్టలకే పరిమితం చేయండి. నానబెట్టేటప్పుడు దాన్నొక్కదాన్నే వేసి, అరగంట తర్వాత డిటర్జెంటు కలిపితే ఎల్‌ఏఎస్‌తో గొడవ ఉండదు. ఈ వరుస చెప్పని లేబుళ్లే ఎక్కువ, అదే ఈ రకం మీద మాకున్న ప్రధాన ఫిర్యాదు.

ఎంజైములు మాంసకృత్తులు కాబట్టి వాటి ధూళి పీలిస్తే కొందరికి అలర్జీ, ఉబ్బసం రావచ్చు. 1960ల చివర్లో డిటర్జెంటు కర్మాగారాల కార్మికులు ఇలాగే జబ్బుపడ్డారు. ధూళి లేవకుండా గుళికలకు పూత వేయడం ఆ తర్వాతే పట్టుబట్టి మొదలైంది. పౌడరును ఎత్తునుంచి గుమ్మరించకండి, గుళికలను వేళ్లతో నలపకండి. గుడ్డు అలర్జీ ఉన్నవాళ్లు లైసోజైమ్ గుడ్డు నుంచి తీసినదో కాదో కనుక్కుని కొనాలి. సీసాను ఎండ తగలని, వేడి తగలని చోట పెట్టండి, గీజరు పక్కన అసలే వద్దు. పౌడరు డబ్బాలో తడి చెంచా వేస్తే గుళికల పూత కరిగి ఎంజైము డబ్బాలోనే మేల్కొంటుంది. బ్లీచ్ ఉన్న పౌడరైతే ఆ తడిలో రెండూ ఒకదాన్నొకటి పాడుచేసుకుంటాయి. క్యాప్సూళ్లను పొడి చేత్తోనే తీయాలి, పిల్లలకు అందకుండా మూత బిగించాలి.